24 సిట్టింగుల ప్యాకేజీ కట్టే ముందు: కైరోప్రాక్టిక్ గురించి ఒక ఫిజియో మాట

మీరు అడిగింది ఇదీ. వయసు 36, ఇల్లు కొండాపూర్, ఆఫీసు రాయదుర్గం. ఎనిమిది నెలలుగా నడుం నొప్పి, కూర్చుంటే ఎక్కువ, నడిస్తే కాస్త నయం. ఈమధ్య మెడ కూడా పట్టేస్తోంది. ఫోన్‌లో టకటకమని ఎముకలు విరిచే రీల్స్ చూసి వెన్నెముకని చేత్తో నొక్కి సరిచేస్తామనే ఒక హోలిస్టిక్ కైరోప్రాక్టిక్ సెంటర్‌కి వెళ్తే, పది నిమిషాలు చూసి 24 సిట్టింగులు, 42,000 రూపాయలు అన్నారు. వెన్నెముక సరైతే గ్యాస్, థైరాయిడ్, నిద్ర అన్నీ వాటంతటవే సర్దుకుంటాయన్నారు. మీ అమ్మగారేమో, ఊళ్ళో ఎదురుకాళ్ళతో పుట్టినాయన చేత ఒక్క తన్ను తన్నించుకుంటే పోయేదానికి ఇంత డబ్బా అంటున్నారు. అసలు అక్కడ ఏం చేస్తారు, వెళ్ళొచ్చా?

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. 19 ఏళ్ళుగా ఇదే పని. మొదటి ఆరేళ్ళు ఆసుపత్రిలో, తర్వాత కూకట్‌పల్లిలో సొంత క్లినిక్. మధ్యలో రెండేళ్ళు, విదేశంలో కైరోప్రాక్టిక్ చదివొచ్చిన ఒకాయనా నేనూ పక్కపక్క గదుల్లో పనిచేశాం. ఒకరి పేషెంట్లని ఒకరం చూసుకునేవాళ్ళం, టీ దగ్గర పోట్లాడుకునేవాళ్ళం. నా మాటల్లో కొంత వృత్తి పక్షపాతం ఉంటుంది, అది తీసేసి చదవండి.

అన్నిటికంటే ముందు, మీరు చివర్లో మాటవరసకి అన్నట్టు రాసిన లైన్ ఒకటుంది: ఎడమ కాలి బొటనవేలు అప్పుడప్పుడు మొద్దుబారుతోందని. మీ ప్రశ్నలో నాకు ముందు కనపడింది అదే. నడుం అడుగున ఐదో పూస దగ్గర బయలుదేరే నరం పిక్క పక్కగా దిగి పాదం పైభాగం మీదుగా బొటనవేలి దాకా వెళ్తుంది. అక్కడ తిమ్మిరి ఉందంటే ఆ నరం మీద ఎక్కడో ఒత్తిడి పడుతూ ఉండొచ్చు. ఇప్పుడే లేచి, చెప్పులు విప్పి, మడమల మీద పది అడుగులు నడవండి. రెండు పాదాల ముందుభాగం సమానంగా పైకి లేస్తోందా? బొటనవేలిని పైకి ఎత్తి పట్టుకుని చేత్తో కిందికి నొక్కితే రెండు కాళ్ళూ ఒకేలా ఎదురు నిలుస్తున్నాయా? ఎడమది జారిపోతుంటే ఈ వారమే ఎముకల డాక్టర్‌కో న్యూరో డాక్టర్‌కో చూపించండి. సిట్టింగుల సంగతి ఆ తర్వాత. ఇక మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మలం మీద పట్టు తప్పడం, తొడల మధ్య భాగమంతా మొద్దుబారడం, రెండు కాళ్ళూ బలహీనపడటం, వీటిలో ఏది కనిపించినా వారం కూడా ఆగకూడదు. అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాల్సిందే. గంటలు లెక్కలోకి వచ్చే వ్యవహారం అది.

కాలిలో బలం బాగానే ఉంటే మిగతాది చదవండి.

కైరోప్రాక్టిక్ అమెరికాలో పుట్టింది. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన అయస్కాంత చికిత్స చేసేవాడు. బిల్డింగ్ ఊడ్చి శుభ్రం చేసే హార్వే లిల్లార్డ్ అనే ఒకతనికి వీపులో పూసని నొక్కి సరిచేస్తే పోయిన వినికిడి తిరిగొచ్చిందని కథ. చెవి నరం వీపు గుండా పోదు కాబట్టి ఆ కథ నిలబడదు, కానీ ఆ కథ మీద ఒక వృత్తి నిలబడింది. పూసలు కొద్దిగా పక్కకి జరిగి నరాల ప్రవాహాన్ని అడ్డుకుంటాయి, జబ్బులన్నీ అక్కడినుంచే వస్తాయి, చేత్తో సరిచేస్తే శరీరం తనని తానే బాగుచేసుకుంటుంది అన్నది పామర్ సిద్ధాంతం. మన ఇళ్ళల్లో ‘నరం మీద నరం ఎక్కింది’ అంటాం చూడండి, ఇంచుమించు అదే. మా నాయనమ్మ కూడా పామర్ శిష్యురాలే అనుకుంటాను అప్పుడప్పుడు.

ఆ తర్వాత ఆ వృత్తిలోనే రెండు పాయలు వచ్చాయి. పామర్ మాటని అక్షరాలా పట్టుకున్నవాళ్ళు ఒక వైపు. ఇంకో వైపు, ఆ సిద్ధాంతాన్ని పక్కనపెట్టి నడుం, మెడ, కీళ్ళ నొప్పులకి మాత్రమే చేతిపని, వ్యాయామం కలిపి వాడేవాళ్ళు. నా పక్క గదిలో ఉన్నాయన రెండో రకం. ఎవరైనా షుగర్ తగ్గుతుందా అని అడిగితే ‘నడుం తగ్గితే నడుస్తారు, నడిస్తే షుగర్ తగ్గొచ్చు, అందులో నా గొప్పేం లేదు’ అనేవాడు.

‘హోలిస్టిక్’ అన్న మాట దగ్గర మీరు జాగ్రత్తగా వినాల్సింది ఇదే తేడా. ఆ మాటకి ఒక మంచి అర్థం ఉంది. మీరు ఎన్ని గంటలు కూర్చుంటున్నారు, నిద్ర ఎలా ఉంది, ఆఫీసులో టెన్షన్ ఏమిటి, బరువు పెరిగారా, నడుం నొప్పి వస్తుందేమోనన్న భయంతో వంగడం మానేశారా, ఇవన్నీ అడిగి వాటితో కలిపి నొప్పిని చూడటం. పాత నడుం నొప్పికి ఇది చాలా అవసరం, నిద్ర సరిగా లేనివాళ్ళకి నేను ఏ చికిత్స చేసినా సగమే పనిచేస్తుంది. రెండో అర్థం, ఒక్క వెన్నెముకని సరిచేస్తే ఒళ్ళంతా బాగవుతుందని చెప్పడం. మీకు చెప్పింది రెండోది. థైరాయిడ్‌కి మందు వేసుకుంటుంటే దాన్ని ఎవరి మాట మీదా ఆపొద్దు, డాక్టర్ చెబితే తప్ప. ఇంగ్లండ్‌లో ఇదే విషయం మీద పెద్ద గొడవ జరిగింది. పిల్లల కడుపునొప్పి, ఆస్తమా లాంటివాటికి కూడా కైరోప్రాక్టర్లు చికిత్స ఉందంటున్నారని సైమన్ సింగ్ అనే రచయిత 2008లో పత్రికలో విమర్శిస్తే బ్రిటిష్ కైరోప్రాక్టిక్ సంఘం పరువునష్టం దావా వేసింది. 2010లో వాళ్ళే ఆ కేసు వెనక్కి తీసుకున్నారు.

సరే, మంచి చోటికి వెళ్తే ఏం జరుగుతుంది?

మొదటి సిట్టింగులో సగానికి పైగా మాటలే ఉంటాయి, ఉండాలి. నొప్పి ఎప్పుడు మొదలైంది, పడ్డారా, రాత్రి నిద్రలోంచి లేపుతోందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, క్యాన్సర్ చరిత్ర ఉందా, రక్తం పలచబడే మందులు, స్టెరాయిడ్లు వాడుతున్నారా, గర్భమా, ఇవన్నీ అడుగుతారు. తర్వాత నిలబెట్టి, వంచి, నడిపించి చూస్తారు. మోకాలి కింద సుత్తితో కొట్టి రిఫ్లెక్స్ చూస్తారు, కాళ్ళలో స్పర్శ, బలం చూస్తారు, పడుకోబెట్టి కాలు నిటారుగా పైకి ఎత్తుతారు. మీ బొటనవేలి గురించి అక్కడ ఎవరైనా అడిగారా? పది నిమిషాల్లో ఇవన్నీ అయ్యే పని కాదు.

ఆ తర్వాత, ఏం చేయబోతున్నారో, ఎందుకో, ఏం ఇబ్బంది రావచ్చో చెప్పి మీ ఒప్పుకోలు అడగాలి. మీరు వద్దంటే చేత్తో విరవకుండా వేరే పద్ధతులున్నాయి. మెల్లగా ఊపుతూ కీలుని కదిలించడం, మధ్యలో కిందికి దిగే ముక్కలున్న బల్ల మీద చేయడం, స్ప్రింగు ఉన్న చిన్న పరికరంతో టిక్కుమని తట్టడం. అసలు పనికి వస్తే, మిమ్మల్ని పక్కకి పడుకోబెట్టి, పై మోకాలు వంచి, భుజం ఒకవైపు, తుంటి ఒకవైపు మెల్లగా తిప్పుతారు. కీలు ఇక తిరగదు అన్న చోటికి వచ్చాక చిన్న, వేగమైన తోపు ఒకటి ఇస్తారు. బలం తక్కువ, వేగం ఎక్కువ. రెప్పపాటు పని. చాలామందికి నొప్పి ఉండదు, శబ్దానికి ఉలిక్కిపడతారంతే.

ఆ శబ్దం ఎముక విరిగింది కాదు, పక్కకి జరిగింది తిరిగి చోటులో పడిందీ కాదు. కీలు లోపల జిగురులాంటి ద్రవం ఉంటుంది. రెండు ఎముకల అంచులు ఒక్కసారిగా దూరమైతే ఆ ద్రవంలో పీడనం తగ్గి బుడగలాంటి ఖాళీ ఏర్పడుతుంది, శబ్దం అప్పుడొస్తుంది. 2015లో కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు వేలు మెటికలు విరుస్తుండగానే ఎంఆర్ఐ తీసి దీన్ని చూపించారు. ఒకసారి మోగిన కీలు దాదాపు 20 నిమిషాల దాకా మళ్ళీ మోగదు. ఇంట్లో పెద్దవాళ్ళు మెటికలు విరిస్తే కీళ్ళు అరుగుతాయంటారు కదా, డొనాల్డ్ అంగర్ అనే అమెరికన్ డాక్టర్ 60 ఏళ్ళకి పైగా ఒక్క ఎడమ చేతి మెటికలే రోజూ విరిచి, రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం లేదని చూపించాడు. ఆయనకి 2009లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి కూడా ఇచ్చారు. రీల్స్‌లో మైకు పెట్టి వినిపించే శబ్దానికీ మీ నొప్పి తగ్గడానికీ పెద్ద సంబంధం లేదు. శబ్దం రాకపోయినా ఉపశమనం వస్తుంది. శబ్దం బాగా వచ్చి ఏమీ తగ్గనివాళ్ళనీ చాలామందిని చూశాను.

మరి హాయిగా ఎందుకుంటుంది? బిగిసిన కండరం కాసేపు వదులుతుంది, నొప్పిని మోసే సంకేతాలు కాసేపు నెమ్మదిస్తాయి, ఒకరు శ్రద్ధగా చెయ్యి వేసి చూశారన్న నెమ్మదీ ఉంటుంది. ఈ హాయి కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో. ఆ సమయాన్ని ఏం చేశారన్నదే చికిత్స. నొప్పి తగ్గిన ఆ కాస్త సమయంలో మిమ్మల్ని వంచి, నడిపించి, బరువు ఎత్తించి, ‘నా నడుం పనిచేస్తుంది’ అనిపిస్తే లాభం ఉంటుంది. బల్ల మీద నుంచి దించి బిల్లు చేతిలో పెట్టి గురువారం రమ్మంటే, గురువారానికి మీరు మొదటికే వస్తారు.

మర్నాడు కొంచెం పులిసినట్టు, జిమ్‌లో కొత్తగా చేరినప్పటిలా ఉంటుంది. దాదాపు సగం మందికి అలా ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కాలిలోకి కొత్తగా నొప్పి పాకితే, తిమ్మిరి పెరిగితే అది ఒళ్ళు పులిసిన నొప్పి కాదు, ఆపేసి చూపించుకోవాలి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయంటే, కొత్తగా పట్టేసిన నడుం నొప్పికి అమెరికన్ ఫిజీషియన్ల కాలేజీ 2017 మార్గదర్శకాల్లో వేడి కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్‌లతో పాటు ఈ వెన్నెముక చికిత్సని కూడా పెట్టింది. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ చికిత్స చేయాలో సలహాలిచ్చే నైస్ సంస్థ 2016లో, వ్యాయామంతో కలిపి చేస్తేనే చేయండి, ఇదొక్కటే వద్దు అంది. మీలాంటి పాత నొప్పికి ఇది వ్యాయామం లాంటి మిగతా మంచి చికిత్సలకంటే ఎక్కువా కాదు, పెద్దగా తక్కువా కాదు. నా అనుభవమూ అదే. ఇరుగు పొరుగు గదుల్లో ఆయన పేషెంట్లూ నా పేషెంట్లూ ఇంచుమించు ఒకే వేగంతో బాగుపడ్డారు. ఆ రెండేళ్ళలో మేం ఒప్పుకోవాల్సి వచ్చిన చేదు నిజం అది.

మెడ విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. మెడ పూసల పక్కనుండే చిన్న రంధ్రాల గుండా రెండు ధమనులు మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్తాయి. మెడని ఒక్కసారిగా తిప్పినప్పుడు అరుదుగా వాటి గోడ చీలి, గడ్డ కట్టి, స్ట్రోక్ రావచ్చు. కొందరిలో చీలిక ముందే మొదలై, ఆ నొప్పికే కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తారన్న వాదన ఉంది, అందులో నిజం లేకపోలేదు. కానీ అప్పుడు తిప్పితే ఇంకా ప్రమాదమే కదా. 2022లో మన హైదరాబాద్‌లోనే 50 ఏళ్ళ ఒకావిడకి బ్యూటీ పార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుండగా కళ్ళు తిరగడం, వాంతులు మొదలై, చివరికి అది స్ట్రోక్ అని తేలింది. పేపర్లలో బాగా వచ్చింది. కటింగ్ అయ్యాక సెలూన్ అతను ప్రేమగా తల అటూ ఇటూ టక్కున తిప్పుతాడు చూడండి, అది కూడా నేను చేయించుకోను. మెడకి పట్టీ కట్టి తలని లాగే రీల్స్ గురించి అడిగారు, వాటికీ ఇదే జవాబు. మెడకి మెల్లని కదలికలు, భుజాల చుట్టూ ఉండే కండరాలకి బలం, ల్యాప్‌టాప్‌ని కంటి ఎత్తుకి తేవడం, వీటితోనే చాలావరకు సర్దుకుంటుంది.

మీరు పంపిన ఎక్స్‌రే రిపోర్టు గురించి. ‘ఎముకలు జరిగాయి’ అని దాని మీద ఎర్ర పెన్నుతో గీతలు గీసి చూపించారన్నారు. ఏ నొప్పీ లేనివాళ్ళు 3,110 మంది స్కాన్‌లని కలిపి చూసిన 2015 నాటి సమీక్ష ఒకటుంది. అందులో 20 ఏళ్ళ వాళ్ళలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బి ఉంది, 80 ఏళ్ళకి వచ్చేసరికి 84 శాతానికి. జుట్టు నెరిసినట్టే ఇదీను. ఫిల్ములో కనిపించిన ప్రతిదీ నొప్పికి కారణం కాదు. ఒక కాలు అరంగుళం పొట్టిగా ఉందని పడుకోబెట్టి చూపించడం, చెయ్యి చాపమని నొక్కి ‘చూశారా బలం లేదు’ అనడం కూడా అంతగా నమ్మదగ్గ పరీక్షలు కావు. పడుకున్న తీరు మారితే పొడుగు కూడా మారుతుంది.

కొందరికి ఈ తోపు అసలు పనికిరాదు. ఎముకలు గుల్లబారినవాళ్ళు, వెన్నులో క్యాన్సర్, టీబీ, ఎముక విరగడం ఉన్నవాళ్ళు. టీబీ అన్నది ఊరికే అనలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి 58 ఏళ్ళ మాస్టారొకరు నా దగ్గరికి వచ్చారు. అప్పటికే ఒక సెంటర్‌లో 14 సిట్టింగులు అయ్యాయి. రాత్రిళ్ళు నొప్పితో లేస్తున్నారు, సాయంత్రం వెచ్చబడుతోంది, ప్యాంటు వదులైంది. ఈ మూడూ ఆ 14 సార్లలో ఎవరూ అడగలేదట. ఎంఆర్ఐ తీయిస్తే వెన్నెముక టీబీ. మందులు వాడి బాగుపడ్డారు, ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తారు. కానీ మెత్తబడిన పూస మీద అన్నిసార్లు చేతులు పడ్డాయని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఎవరు చేస్తున్నారన్నది ఎలా తెలుస్తుందంటారా? మన దేశంలో డాక్టర్లకి మెడికల్ కౌన్సిల్ ఉన్నట్టు కైరోప్రాక్టర్లకి చట్టం పెట్టిన కౌన్సిల్ లేదు, ఆయుర్వేదం, హోమియో లాంటివి ఉన్న ఆయుష్ విభాగాల్లోనూ ఇది లేదు. అందుకే బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పూర్తి కోర్సుకి కనీసం 4,200 గంటల చదువు ఉండాలంది. ఇక్కడ శని ఆదివారాల వర్క్‌షాప్ చేసి పేరు ముందు డాక్టర్ తగిలించుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో మా ఫిజియోలు కూడా ఉన్నారు, దాచడం ఎందుకు. మొహమాటపడకుండా ఏం చదివారు, ఎక్కడ, ఎన్నేళ్ళు అని అడగండి. నిజంగా చదివినవాళ్ళు సంతోషంగా చెబుతారు.

ఇక ఆ 42,000. నేను ఎవరినైనా అంచనా వేసే ప్రశ్న ఒక్కటే: ‘నేను ఇక్కడికి రావడం ఎప్పుడు మానేస్తాను?’ మొదటి రోజే ఆ ప్రశ్న అడగండి. మంచివాళ్ళు ‘నాలుగైదుసార్లు చూద్దాం, మూడు వారాల్లో మీరు గంట కూర్చోగలిగితే సరైన దారిలో ఉన్నట్టు, లేకపోతే వేరే దారి చూద్దాం’ లాంటి జవాబిస్తారు. ‘వెన్నెముకకి నెలనెలా సర్వీసింగ్ కావాలి, బండికి చేయించరా’ అంటే, నమస్కారం పెట్టి లేచి రండి. పరీక్షే పూర్తికాకుండా 24 అన్న అంకె ఎక్కడినుంచి వచ్చింది? మీకు సెకండ్ ఫ్లోర్ ఫ్లాట్ అమ్మినట్టు అమ్మారు. ఆసుపత్రిలో చేరితేనే డబ్బిచ్చే మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఇది రాదన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

కాలిలో బలం బాగుండి, డాక్టర్ సరే అంటే, ఒక్కో సిట్టింగుకి డబ్బు కడుతూ నాలుగుసార్లు వెళ్ళి చూడటంలో నాకు అభ్యంతరం లేదు. నడుముకి మాత్రమే, మెడ ముట్టుకోవద్దని ముందే చెప్పి. దానితో పాటు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్ మీకు దగ్గరే, పొద్దున్నే 20 నిమిషాలతో నడక మొదలుపెట్టండి. ఆఫీసులో అరగంటకోసారి లేచి నీళ్ళ బాటిల్ నింపుకోండి, అందుకే చిన్న బాటిల్ పెట్టుకోమంటాను అందరికీ. బోర్లా పడుకుని మోచేతుల మీద మెల్లగా ఛాతీ ఎత్తి చూడండి. కాలిలోని తిమ్మిరి వెనక్కి జరిగి నడుం దగ్గర చేరుతుంటే మంచి గుర్తు, నడుం కాస్త నొప్పెట్టినా సరే కొనసాగించండి. అదే కిందికి, వేలి వైపు పాకుతుంటే ఆపేయండి.

అమ్మగారి విషయం. ఎదురుకాళ్ళాయన తన్నుకీ, ఆ బల్ల మీది తోపుకీ సూత్రం ఒకటే, పట్టేసిన కీలు ఒక్కసారి కదిలితే కాసేపు హాయి. ఉత్త పట్టు అయితే రెండూ పనిచేసినట్టే ఉంటాయి, ఎందుకంటే కొత్త పట్టు చాలావరకు నాలుగు నుంచి ఆరు వారాల్లో తనంతట తానే పోతుంది. మీది ఎనిమిది నెలల నొప్పి, పైగా వేలు మొద్దుబారుతోంది, కాబట్టి ఊరి తన్ను కూడా వద్దని ఆవిడకి నా మాటగా చెప్పండి. మడమల మీద నడిచి చూశాక ఎడమ పాదం ఎలా ఉందో ఇక్కడే రాయండి.